ఒంటిమిట్ట దారిలో ఆకురొట్టె

వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ కడప దాటేసరికి ఇంకా తెల్లవారలేదు. చైత్రమాసం కదా, కిటికీలోంచి తగిలే గాలికి అప్పుడే వేడి పుట్టింది. ఒంటిమిట్ట చీకట్లోనే వెనక్కి పోయింది. నందలూరు దగ్గర చెయ్యేటి వంతెన ఎక్కగానే రైలు చప్పుడు మారింది. కిందికి చూస్తే నీటికంటే ఇసకే ఎక్కువ. ఇంకాసేపటికి రాజంపేట. స్టేషన్లో దిగి చుట్టూ చూస్తే, పడమట పాలకొండల గీత తెల్లవారే ఆకాశం మీద సన్నగా తేలుతోంది.

నన్ను రమ్మన్నది మా చిన్నమ్మ. ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణానికి ప్రతి ఏడూ మా వాళ్ళంతా కలిసి పోతారు. అన్నదమ్ముల పిల్లలు, వియ్యంకులు, ఇరుగుపొరుగు, అందరూ కలిస్తే అరవై మంది. కల్యాణం రాత్రి పూట కాబట్టి సద్ది కట్టుకోవడం తప్పదు. "ప్రతి ఏడూ పులిహోర, పెరుగన్నమే చేస్తాండాం పాపా. ఈ సారి నువ్వు ఏదో దేశంలో తిన్నానంటివే ఆకుల రొట్టె, అది చేద్దాం రా. చేత్తో పట్టుకుని తినేదంటే పిల్లోళ్ళకు సుళువు" అని ఫోనులో అంది. నాలుగు రోజులు ముందే వచ్చేశాను.

ఆ దేశం గ్రీసు. కొన్నేళ్ళ కిందట ఉత్తరాన ఎపిరస్ కొండల్లో ఒక పల్లెలో మూడు రోజులున్నాను. ఆ సీమ రొట్టెలకు పేరు మోసింది. మనం ఇంగ్లీషులో 'పై' అంటామే, లోపల కూర పెట్టి పైన పిండి కప్పి కాల్చేది, దాన్ని వాళ్ళు పీత అంటారు. పాలకూరతో చేస్తే స్పనకోపీత, పొలం గట్ల మీద దొరికే రకరకాల ఆకులతో చేస్తే హోర్తోపీత. నేనున్న ఇంటి ముసలామె పొద్దున్నే చిన్న కత్తీ గుడ్డ సంచీ పట్టుకుని పొలం వైపు వెళ్ళి, గంటలో సంచి నింపుకొచ్చింది. బల్ల మీద గుమ్మరించిన ఆకుల్ని చూసి ఉలిక్కిపడ్డాను. ఒకటి మన తోటకూర. ఇంకోటి నేలకు అంటుకుని పాకే గంగపాయిలాకు. ఆ దేశంలో వాటి పేర్లు వ్లీత, గ్లిస్త్రీద. రాజంపేటలో మా అమ్మమ్మ వాకిట్లో కాలికి తగిలిన ఆకు, అంత దూరంలో ఇంకో ముసలామె వేళ్ళ మధ్య కనబడింది. ఆ రోజే అనుకున్నాను, ఈ రొట్టెను ఎప్పుడో ఒకప్పుడు అమ్మమ్మ ఊళ్ళో కాల్చాలని.

చిన్నమ్మకు సంగతంతా చెప్పాను. ఆమె వింటూ వింటూ, "అయితే ఇదేం కొత్తది కాదు. మునగాకు రాగిరొట్టెకు అక్క అన్నమాట" అంది. నిజమే. రాగిపిండిలో మునగాకు, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ కలిపి పెనం మీద చేత్తో తట్టి కాల్చే రొట్టె ఈ సీమలో ప్రతి ఇంటిదీ. పిండి లోపల పూర్ణం పెట్టడం కూడా మనకు తెలిసిన పనే. ఓళిగ చేసే చేతులకు ఇది కొత్త కాదు. తేడా పొయ్యిలో ఉంది. పెనం మీద ఒకసారికి ఒక రొట్టె, ఒక మనిషికి సరి. అరవై మందికి కావాలంటే రేకుల నిండా ఒకేసారి కాలే పెద్ద పొయ్యి కావాలి. అలాంటిది ఊళ్ళో బేకరీ వాళ్ళ దగ్గరే ఉంటుంది.

ముందు ఆకు సంగతి చూసుకోవాలి. ఆకుకూర వండినవాళ్ళకు ఒక సంగతి తెలుసు. కోసేటప్పుడు కొండంత కనబడేది, ఉడికాక గుప్పెడై కూర్చుంటుంది. నాలుగు పెద్ద రేకుల రొట్టెకు లెక్క వేస్తే, కాడలతో సహా ఇరవై కిలోల ఆకు కావలసి వచ్చింది. ఎండాకాలం మొదలైన ఈ సీమలో అంత ఆకు ఒక్క చోట దొరకదు. రెండు రోజులు తిరిగాం.

తోటకూర, పాలకూర మార్కెట్టులో కొన్నాం. అమ్మే ఆవిడ చెయ్యేటి ఒడ్డు పల్లె నుంచి వస్తుంది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, ఒక్క ఉదయంలో ఏటి ఒడ్డు పల్లెల మీద నీళ్ళు విరుచుకుపడ్డాయి. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట పేర్లు ఆ రోజు రాష్ట్రమంతా విన్నది. మనుషులు పోయారు, గొడ్లు పోయాయి, పొలాల మీద ఇసక మేటలు వేసింది. ఈవిడ మడి మీద కూడా. "ఇసక తీపిచ్చేదానికే రెండేండ్లు పట్టింది. ముందుగాల ఆకుకూరే ఏసినా. నెలకంతా చేతికొచ్చేది అదొక్కటే కదమ్మా" అంది కట్టలు లెక్క పెడుతూనే. పెద్ద పంట వేసే స్తోమత లేని రోజున ఆమె ఇంటిని నిలబెట్టింది ఆకుకూర మడే. ఆ మాట విన్నాక ఒక్క తోటకూర కాడనైనా పారేయడానికి మనసు ఒప్పలేదు. లేతవన్నీ నార తీసి సన్నగా తరిగి కూరలో కలిపేశాం.

మునగాకు పక్కింటి వాళ్ళ పెరట్లో చెట్టు మీదిది. గంగపాయిలాకు మాత్రం ఎవరూ అమ్మరు. అరటితోటల్లో నీళ్ళు పారే కాలవల పక్కన తనంతట తాను మొలుస్తుంది. కలుపు తీసే ఆడవాళ్ళు కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చుకునే ఆకు అది. 1986లో ఆర్టెమిస్ సిమోపౌలస్ అనే శాస్త్రవేత్త, ఇంకొకరితో కలిసి, చేపల్లో ఉంటాయని మనం చెప్పుకునే ఒమేగా-3 కొవ్వులు ఈ ఆకులో కూడా ఉన్నాయని అమెరికాలోని ఒక పెద్ద వైద్య పత్రికలో రాసింది. ఆమె పుట్టింది గ్రీసులోనే. మన దగ్గర మాత్రం పెళ్ళి విస్తరిలో ఈ ఆకు కనబడినట్టు నాకు గుర్తు లేదు. పప్పులో పడి ఇంటి మనుషుల ఆకలి తీర్చడమే దాని వంతు. దాన్ని కల్యాణానికి తీసుకుపోతున్నామన్న ఆనందం నాకు చాలా ఉంది.

పులుపుకు చింతచిగురు. గ్రీసులో ముసలామె ఉప్పటి మేక జున్ను చిదిమి వేసింది. మనకు ఆ రుచిని పులుపు రూపంలో చైత్రంలో చింతచెట్టే ఇస్తుంది. తాళ్ళపాక దారిలో మా చిన్నాన్న స్నేహితుల చెట్టు ఒకటి ఉంటే పిల్లల్ని వెంటబెట్టుకుని పోయాం. దారిలో పెద్ద రోడ్డు పక్కన 108 అడుగుల అన్నమాచార్యుల విగ్రహం. 1408లో ఆయన పుట్టింది ఈ తాళ్ళపాకలోనే అంటారు. ఇంట్లో వాళ్ళు గడ్డి కోసుకు రమ్మని పంపితే, కొడవలి వేలికి తగిలి నెత్తురు కారి, ఆ నొప్పిలో ఈ బంధాలు ఎవరివి అన్న ఆలోచన పుట్టి, తిరుమల దారి పట్టాడని కథ. చిన్న పిల్ల ఒకతి ఆ కథ విని, చింతకొమ్మ వంచుతూ వంచుతూ తన వేళ్ళ వంక భయంగా చూసుకుంది. "చిగురుకు కొడవలి అక్కర్లేదమ్మా, గోటితో గిల్లితే చాలు" అన్నాను. ఆ మాటతో మళ్ళీ కొమ్మ అందుకుంది.

కల్యాణం ముందు రోజు రాత్రి వాకిట్లో చాపలు పరిచి కూర్చున్నాం. పద్నాలుగు మంది ఆడవాళ్ళు, నలుగురు మగవాళ్ళు, పిల్లలు ఎంతమందో. మునగాకును చిన్నమ్మ ముందు రోజే తడి లేకుండా పాత పంచెలో గట్టిగా చుట్టి పెట్టింది. విప్పి దులిపితే ఆకులన్నీ వాటంతటవే రాలి, ఈనెలు చేతిలో మిగిలాయి. ఒక్కొక్క రెమ్మా దువ్వాల్సిన పని లేకుండా పోయింది. చింతచిగురును రెండు అరచేతుల మధ్య వేసి మెల్లగా రుద్ది చెరిగితే, పుల్లలు పక్కకు పోయి లేత ఎరుపు చిగుళ్ళు చాట నిండా నిలిచాయి. గంగపాయిలాకు వేళ్ళ దగ్గర మట్టి పట్టుకుని ఉంటుంది. నాలుగు నీళ్ళు మారిస్తే గాని గిన్నె అడుగున ఇసక చేరడం ఆగదు. చివరి నీళ్ళను చిన్నమ్మ చేత్తో కెలికి, వేళ్ళు రుద్ది చూసుకుని, "ఇంగ చాలు" అంది.

అంత ఆకు ఒక్కరే కోస్తే రెండు రోజులు పట్టేది. పద్దెనిమిది మందిమి పదకొండు గంటలకల్లా ముగించాం. ఆ మధ్యలో ఎవరి కూతురికి సంబంధం చూస్తున్నారో, ఎవరి బోరులో నీళ్ళు ఎన్ని అడుగులకు పడిపోయాయో, కువైట్ నుంచి ఎవరు ఎప్పుడు వస్తున్నారో అన్నీ తెలిశాయి. పోయినేడు భర్త పోయిన ఒక వదిన ఆ రాత్రి దాకా ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదట. చాట ఒళ్ళో పెట్టుకుని చిగురు చెరుగుతూ, తమ పెళ్ళైన కొత్తలో ఆయన చింతచెట్టెక్కి దిగలేక కూర్చున్న కథ తానే చెప్పింది. వినేవాళ్ళ చేతులు ఆగలేదు. ఆమె చేయీ ఆగలేదు. అందుకే చెప్పగలిగిందేమో.

అంతకు ముందు రోజే పరీక్షకని ఒక చిన్న రేకు కాల్చి చూశాను. అది చెడిపోయింది. తరిగిన ఆకుకు ముందే ఉప్పు కలిపేసి, నీరు పూర్తిగా పిండకుండా పిండి మీద పరిచాను. పైభాగం బంగారు రంగుకు వచ్చింది గాని, కోసి ఎత్తితే అడుగు తడి గుడ్డలా వేలాడింది. నాకు చాలా బాధేసింది. అరవై మంది నోటికి చేరాల్సినది ఇలా ఉంటే ఎలా అని కూర్చుండిపోయాను.

చిన్నమ్మ ఆ ముక్కను ఎత్తి అడుగు చూసి, లోపలికి పోయి బొరుగుల డబ్బా తెచ్చింది. "ఉగ్గాని చేసేటప్పుడు చూడలేదా? బొరుగులు నీళ్ళలో వేస్తే చిటికెలో తాగేస్తాయి. పొడి కొట్టి అడుగున చల్లు" అంది. గ్రీసు ముసలామె అడుగు పొర మీద గుప్పెడు గోధుమ రవ్వ చల్లడం అప్పుడు గుర్తొచ్చింది. ఏంటికని ఆ రోజు నేను అడగలేదు. జవాబు రాజంపేటలో దొరికింది.

అలా తయారైన పద్ధతి ఇది. ఆకంతా తరిగి, ఉప్పు చల్లి అరగంట ఉంచి, పలచటి గుడ్డలో కట్టి ఇద్దరు మనుషులు చెరో వైపూ మెలిపెట్టి పిండాలి. ఇరవై కిలోల కట్టల నుంచి మాకు చివరికి మిగిలింది ఇంచుమించు ఆరు కిలోలు. పిండిన పచ్చటి నీళ్ళను పారబోయకుండా కాచి రాగిపిండి తడపడానికి వాడుకున్నాం. చెనిక్కాయ నూనెలో జీలకర్ర, ఇంగువ, అల్లం, పచ్చిమిరపకాయలు వేయించి, ఆకు వేసి తడి ఆరేదాకా కలపాలి. దేవుడి దగ్గరికి పోయే రొట్టె కాబట్టి ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేవు. గుడ్డు అసలే లేదు. ముద్ద పట్టుకోవడానికి పలుకుగా ఉడికించిన పెసరపప్పు, పుట్నాల పొడి, కొంచెం పచ్చి టెంకాయ. చింతచిగురు చివరన, పొయ్యి మీంచి దించాక వేస్తేనే పులుపు బతికి ఉంటుంది.

పైపిండికి మూడు వంతులు గోధుమపిండి, ఒక వంతు రాగిపిండి, అంతా కలిపి అయిదు కిలోలు. రాగిలో సాగే గుణం లేదు, ఊరికే కలిపితే పగిలిపోతుంది. ఉడుకు నీళ్ళతో రాగిని ముందు తడిపి, మూత పెట్టి, చల్లారాక గోధుమపిండీ నూనే కలిపి మర్దించాలి. ఇటలీ సముద్రతీరంలో లిగూరియా అనే చోట ఈస్టరుకు ఇలాంటి ఆకు రొట్టె చేస్తారు. క్రీస్తు బతికిన ఏళ్ళ లెక్కన 33 పొరలు వేయాలని అక్కడి పాత ఆచారం. మేం వేసినవి రెండే, అడుగున ఒకటి, పైన ఒకటి. మధ్యలో బొరుగుల పొడి, దాని మీద వేలి మందాన ఆకు.

బజారులో ఒక పాత బేకరీ ఉంది. ఇంకా కట్టెల బట్టీయే వాడుతున్నారు. 1898లో బెంగళూరు చిక్కపేటలో మొదలైన అయ్యంగార్ల బేకరీ పద్ధతి ఆ తర్వాత ఎక్కడెక్కడికో పాకింది. గుడ్డు తగలని బన్నూ కారం బిస్కెట్టూ చాలా ఇళ్ళకు అలవాటైంది అలాంటి చోట్లే. ఇక్కడి మాస్టరు మా మాట విని, "రొట్టెలు దిగినాక మధ్యాహ్నం రెండింటికి రాండక్కా. బట్టీ ఖాళీగానే ఉంటాది, నిప్పు ఊరికే పోతాది" అన్నాడు. డబ్బు మాట ఎత్తితే చేయి అడ్డం పెట్టాడు.

ఆ బట్టీ లోపల చూడాలని నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. వంగి చూస్తే ఇటుకల గుమ్మటం, గది అంత లోతు. తెల్లవారుజామున కంపకట్టెలు లోపలే మండించి, బొగ్గులు పక్కకు లాగేసి, తడి గోనెతో నేల తుడుస్తారు. ఆ తర్వాత కాల్చేది మంట కాదు, ఇటుకలు తాగిన వేడి. మాస్టరు చిటికెడు మైదా నేల మీద చల్లి, పెదవులు కదుపుతూ అంకెలు లెక్క పెట్టాడు. ముప్పై దాటాక పిండి మెల్లగా గోధుమ రంగుకు తిరిగింది. "రొట్టెకైతే చాలదు. మీ రొట్టెకు సరిపోతాది. లోపల ఆకు ఉండాది కదా, నిదానంగా కాలాల" అన్నాడు. నాలుగు నల్ల రేకుల్నీ పొడుగాటి కర్రపలక మీద పెట్టి ఒకదాని వెనక ఒకటి లోపలికి తోశాడు. అంతకు ముందు పై పొర మీద కత్తితో గీతలు పెట్టించాడు, ఒక్కో రేకుకు ఇరవై నాలుగు ముక్కలు. ఆవిరి పోవడానికి దారి ఉండాలట, కోసేటప్పుడు పొర చిట్లకూడదట.

ముక్కాలు గంటకు వాసన బజారులోకి వచ్చింది. ముందు చెనిక్కాయ నూనె, తర్వాత రాగి, ఆ వెనక చింతచిగురు పుల్లటి ఆవిరి. టీ తాగుతున్న వాళ్ళు గ్లాసులతోనే వచ్చి తొంగి చూశారు. తొంభై ఆరు ముక్కలు. గుడ్డలు కప్పి, వెదురు గంపల్లో సర్దుకుని సాయంత్రం బస్సులో బయల్దేరాం.

రాజంపేట నుంచి ఒంటిమిట్ట ముప్పై కిలోమీటర్ల లోపే. రాష్ట్రం రెండైనాక ప్రభుత్వం తరఫున శ్రీరామనవమి ఉత్సవాలు జరిగేది ఇక్కడే. 2015లో గుడి తిరుమల తిరుపతి దేవస్థానాల చేతికి వచ్చింది. సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో వెలిశారని దీన్ని ఏకశిలానగరం అంటారు. చైత్ర శుద్ధ చతుర్దశి రాత్రి కల్యాణం. చంద్రుడు చూడాలని కోరుకున్నాడట, రాముడు మాట ఇచ్చాడట. ఆ వెన్నెల్లో అంత జనం నిశ్శబ్దంగా తలంబ్రాల కోసం ఎదురుచూసే క్షణం నాకు ప్రతిసారీ గొంతుకు అడ్డం పడుతుంది.

ఈ గుడికి దిక్కు లేని రోజులు కూడా ఉన్నాయి. వావిలికొలను సుబ్బారావు గారు, ఆంధ్ర వాల్మీకి అని పేరు పొందిన పండితుడు, చేతిలో టెంకాయ చిప్ప పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అడిగిన పైసలతో దీన్ని మళ్ళీ నిలబెట్టారు. చిన్నప్పుడు ఆ కథ వింటే ఆయన దీక్ష ఒక్కటే కనబడేది. ఈసారి చిప్పలో పైసా వేసిన చేతులు కూడా కనబడ్డాయి. ఎవరి పైసా ఏ రాయికి వెళ్ళిందో వాళ్ళకెవరికీ తెలియదు. అయినా గుడి లేచింది. మా గంపల్లో ఉన్న ఆకు కూడా అంతే. ఏ ముక్కలో ఎవరి పెరటి మునగాకు ఉందో ఎవరు చెప్పగలరు? గుంపుకు వండటమంటే గుంపుతో వండటమేనని నాకు ఆ మైదానంలో నిలబడ్డప్పుడు తెలిసింది.

కల్యాణం అయ్యాక రోడ్డుకు దూరంగా దుప్పట్లు పరుచుకుని గంపలు విప్పాం. విస్తరి అక్కర్లేదు, గరిటె అక్కర్లేదు. చేతి నుంచి చేతికి ముక్కలు పోయాయి. పక్క దుప్పటి మీద పొద్దుటూరు నుంచి వచ్చిన కుటుంబం, వాళ్ళ పక్కన ఎవరో ముసలి దంపతులు. మా వాళ్ళు తిన్నాక మిగిలినవన్నీ వాళ్ళకు చేరాయి. ముసలామె కొరికి, నమిలి, వెన్నెల్లో ముక్కను దగ్గరగా పట్టి చూసి, "ఇందులో గంగపాయిలాకు ఉండాదే!" అంది, చాన్నాళ్ళకు సొంతూరి మనిషి ఎదురైనట్టు. దీని పేరేందని అడిగితే, చిన్నమ్మ తడుముకోకుండా "ఆకురొట్టె" అని చెప్పింది.

మరుసటి రోజు రేకులు కడిగి బేకరీకి తీసుకుపోయాం. తెచ్చిన పాత్ర ఖాళీగా తిరిగి ఇవ్వకూడదని చిన్నమ్మ పట్టింపు. ఒక రేకులో చింతచిగురు పోసి, దాని మీద అరిటాకులో చుట్టి దాచిన ఒక్క ముక్క పెట్టింది. మాస్టరు చిగురు వైపు చూడలేదు. ముక్కను తీసుకుని ముందు తిరగేశాడు. అడుగును గోటితో తట్టాడు. రాత్రంతా గడిచినా టకటకమంది. ఇంకోసారి తట్టి, తల ఊపి, అప్పుడు కొరికాడు.